ట్యూబా వాయించేవాడి నిద్ర

పన్నెండు.
పదమూడు.
పద్నాలుగు దగ్గర
నికనోర్ ముక్కుపుటాలు ఒక్కసారి అదురుతాయి.
గనిలో ఇరుక్కున్న తొట్టిని
గొలుసు పెళ్ళున లాగినట్టు
ఒళ్ళంతా కుదిపి ఊపిరి పైకొస్తుంది.
నేను మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను.

ఒరూరోలో గాలి పుట్టుకతోనే పలచన.
పాలవాడు నీళ్ళు కలిపినట్టు
దేవుడు కలిపాడంటుంది మా అత్త.
పగలు మేం పట్టించుకోం,
మెట్లెక్కేటప్పుడు మాట ఆపుతాం, అంతే.
రాత్రి మాత్రం అది
బాకీ వసూలుకి వస్తుంది.

నలభై ఒక్క ఏళ్ళు ట్యూబా మోశాడీ మనిషి.
కార్నివాల్ నాడు దెయ్యాల వేషగాళ్ళు
కొమ్ములూపుతూ ముందు నడుస్తుంటే
వెనక ఇతని బుగ్గలు
నాలుగు కిలోమీటర్ల పొడవునా గాలి పంచేవి.
అంత ఇత్తడిని నింపినవాడికి
సొంత ఛాతీ నింపుకోవడం
రాత్రిపూట గుర్తుండదు.

పెళ్ళైన కొత్తలో ఆ గురకని
రిహార్సల్ అని నవ్వుకున్నాను.
తర్వాత తిట్టుకున్నాను.
గురక నన్నెప్పుడూ భయపెట్టలేదు.
అది ఆగినప్పుడే
కంబళి కింద నా కాలు
అతని కాలిని వెతుక్కునేది.

పొద్దున్నే పెదాలు ఊదారంగు,
ఊదా మొక్కజొన్న అపి
ఇంకా గ్లాసులో పొయ్యకుండానే.
తలనొప్పి. చీలమండ మీద
వేలు నొక్కితే గుంట.
"ముసలితనం" అన్నాడు.
యాభై ఎనిమిదికే.

డాక్టర్ వాకాఫ్లోర్ ఒక క్లిప్పు ఇచ్చింది,
బట్టలారేసే క్లిప్పంత.
రాత్రంతా వేలికి పెట్టుకోమంది.
ఎర్ర దీపం, పక్కన అంకె.
ఎనభై ఆరు. ఎనభై మూడు.
నా లెక్క ఇరవై దాటేసరికి
అరవై ఎనిమిది.
ముప్పై ఏళ్ళుగా సంతలో ఉప్పు తూచేదాన్ని,
ముల్లు అంత కిందికి వాలడం ఎన్నడూ చూడలేదు.

తెల్లారి కాగితం పరిచి చెప్పింది:
గాలి చాలకపోతే రక్తం చిక్కబడుతుంది,
చిక్కటిదాన్ని తోసీ తోసీ
గుండె కుడివైపు లావెక్కుతుంది.
గంటకి నలభై రెండుసార్లు ఆగుతోందట.
"అంటే పడుకుని కూడా కొండెక్కుతున్నాడా?" అన్నాను.
అన్నాక నాలుక కరుచుకున్నాను.
దీపాలకి వాడే మాట అది.

మాస్కు అంది. గొట్టం, చిన్న మోటారు.
నికనోర్ లేచి నిలబడ్డాడు.
"ఇన్నేళ్ళూ మాస్కుల కోసం ఊదాను,
మాస్కు తొడుక్కునేవాణ్ణి కాను."
గుండెలు తీసిన బంటు.
తీసి ఎక్కడ పెట్టాడో,
మోయలేకపోతున్నది అదే.

మూడు వారాలు పెట్టె విప్పలేదు.
నేనేమీ అనలేదు,
లెక్కపెట్టాను.
ఒక రాత్రి ముప్పై ఏడు దగ్గర
రెండు చేతులా కుదిపేశాను.
లేచాడు. ఆయాసం తగ్గాక
చీకట్లో నా వైపు తిరిగి
"నువ్వెప్పుడు పడుకుంటావ్, లియోన్సియా?"
ఇరవై ఆరేళ్ళకి అడిగాడు.

"పడుకోను."

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత మంచం కింద
అట్టపెట్టె జరిగిన చప్పుడు.

మా అమ్మ ఉయునీ నుంచి
లామాల మీద ఉప్పు తెచ్చేది.
ఊపిరుంటే ఉప్పమ్ముకుని బతకొచ్చనేది.
ఉప్పుంది నా దగ్గర, బస్తాలకొద్దీ.
రెండోది కరెంటు మీద నడుస్తోంది,
నెలనెలా బిల్లు కడుతున్నాను.

మోటారు మూలుగుతుంది.
"బి ఫ్లాట్‌కి కాస్త కిందుంది" అని
మాస్కులోంచే సణుగుతాడు,
తొండం తగిలించుకున్న దెయ్యం.
అంకె ఎనభై తొమ్మిది మీద
పొదిగే కోడిలా కూర్చుంది, లేవదు.

నాకే నిద్ర పట్టదు.
ఒకటి అంటాను.
రెండు అనేలోపే
అతని ఊపిరి వచ్చేస్తుంది.
రెండు దాటని లెక్కతో
తెల్లవార్లూ ఏం చెయ్యాలో
ఇంకా నేర్చుకోలేదు.